కాంతివేగమున పోవు దీపము

ఉన్నత తరగతులలో వెలుతురును గూర్చిన పాఠము ముగిసిన దినమున విద్యార్థులు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. “ఒక బండి వెలుతురుతో సమానమైన వేగమున పోవుచుండగా దాని ముందఱి దీపమును వెలిగించినచో, ఆ వెలుతురు బండికి ముందుగా పోవునా, పోదా? పోయినచో నెంత వేగమున పోవును?” వినుటకిది చమత్కారపు ప్రశ్నవలె నుండును. కాని దీనిని తేలికగా త్రోసివేయరాదు. 1895–96 సంవత్సరములలో స్విట్జర్లండు దేశమందలి ఆరౌ పట్టణపు పాఠశాలలో చదువుచుండిన పదునాఱేండ్ల బాలుడొకడు దాదాపిట్టి ప్రశ్ననే మనస్సున నుంచుకొని పది సంవత్సరములు ఆలోచించెను. ఆ బాలుడే ఆల్బర్టు ఐన్‌స్టైను. ఆ యాలోచన ఫలించిన పిమ్మట కాలమనగా నేమి, దూరమనగా నేమి యను విషయములలో అంతవఱకు సందేహింపరానివిగా నుండిన నమ్మకములు మాఱిపోయినవి.

ఈ వ్యాసమున ఆ ప్రశ్నకు క్రమముగా సమాధానము చెప్ప ప్రయత్నింతుము. ఉన్నత పాఠశాలలో నేర్చిన గణితముకన్న నెక్కువ దీనికి అవసరము లేదు. తొందరపడక, ఒక్కొక్క మెట్టునందును నిలిచి చదువవలెనని మాత్రము కోరుచున్నాము.

వెలుతురు వేగమెంత?

దీపము వెలిగించిన తోడనే దాని వెలుతురు ఎంత దూరమైనను కాలమేమియు పట్టకయే చేరునని పూర్వులు పలువురు తలచిరి. ఇటలీ దేశస్థుడగు గెలీలియో 1638వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున, ఇద్దఱు మనుష్యులు దూరదూరముగా నిలిచి లాంతర్ల మూతలను తీయుచు వెలుతురు వేగమును పరీక్షించు పద్ధతిని వర్ణించెను. కాని వెలుతురు అట్టి పరీక్షకు చిక్కునది కాదు. చేతి కదలికకు పట్టు కాలములో అది భూమిని చుట్టివచ్చునంత దూరము పోగలదు.

1676వ సంవత్సరమున పారిసు నగరమున పనిచేయుచుండిన రోమరు అను డెన్మార్కు దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు గురుగ్రహముయొక్క ఉపగ్రహములలో నొకటియగు అయోను పరీక్షించుచు, భూమి గురుగ్రహమునకు దూరముగా పోవు కాలమున దాని గ్రహణములు లెక్కించిన వేళకన్న ఆలస్యముగా కనబడుచున్నవని గ్రహించెను. ఆ యాలస్యమునకు కారణము వెలుతురు ఆ యధిక దూరమును నడచి వచ్చుటకు పట్టు కాలమే. 1849లో ఫిజో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 720 పండ్లుగల చక్రమును వేగముగా త్రిప్పి, ఒక సందునుండి వెడలిన వెలుతురు 8,633 మీటర్ల దూరమున నున్న అద్దమును తాకి తిరిగి వచ్చులోపల తరువాతి పన్ను దానికి అడ్డుపడునట్లు చేసి, ఆ వేగమును భూమిమీదనే కొలిచెను.

శూన్యప్రదేశమున వెలుతురు సెకనుకు 29,97,92,458 మీటర్లు పోవును. 1983వ సంవత్సరమునుండి ఈ వేగమును ఆధారముగా గైకొనియే మీటరు కొలతను నిర్ణయించియున్నారు. సూర్యుని వెలుతురు మనలను చేరుటకు సుమారు 8 నిమిషముల 20 సెకనులు పట్టును. ఇకమీద లెక్కలు సులభమగుటకై ఈ వేగమును సెకనుకు 3 లక్షల కిలోమీటర్లని చెప్పుకొందము.

బంతివంటిదా? ధ్వనివంటిదా?

గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు రైలులో నున్న బాలుడు ముందువైపునకు గంటకు 30 కిలోమీటర్ల వేగమున బంతిని విసరెననుకొనుడు. కట్టమీద నిలిచినవానికి ఆ బంతి గంటకు 120 కిలోమీటర్ల వేగమున పోవుచున్నట్లు తోచును. వేగములను కూడవలెనను ఈ సూత్రమును మనకెవ్వరును నేర్పనక్కఱలేదు. వెలుతురుకూడ బంతివంటిదే యైనచో, పరుగెత్తు బండి దీపమునుండి వెడలిన వెలుతురునకు బండి వేగముకూడ చేరవలెను.

ధ్వని యట్లు కాదు. ధ్వని గాలిలో పుట్టు అలల పరుగు. కూతవేయు ఇంజను నిలిచియున్నను పరుగెత్తుచున్నను దాని కూత గాలిలో ఒక్క వేగముననే పోవును. కాని ఇంజనుమీద నున్నవాడు కొలిచినచో తన వేగమంతయు తీసివేయగా మిగిలినదే ధ్వని వేగముగా తేలును. ధ్వనికన్న వేగముగా పోవు విమానము తన ధ్వనిని వెనుకనే విడిచి ముందునకు పోవును. వెలుతురుకూడ ఇట్టిదే యైనచో కాంతివేగమున పోవు బండివాని దీపపు వెలుతురు దీపమును విడిచి అంగుళమైనను ముందునకు పోజాలదు. వాడు తన ముందు అద్దము పట్టుకొన్నను తన ముఖము అందు కనబడదు.

పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులలో అనేకులు రెండవ యభిప్రాయమునే నమ్మిరి. ధ్వనికి గాలి యెట్లో వెలుతురునకు ‘ఈథరు’ అను సూక్ష్మపదార్థ మట్లని, అది ఆకాశమంతట నిండియున్నదని వారు తలచిరి. 1865లో మాక్స్‌వెల్ అను స్కాట్లండు దేశపు విద్వాంసుడు విద్యుత్తునకును అయస్కాంతమునకును సంబంధించిన తన సమీకరణములనుండి వెలుతురు వేగమును గణించి చూపెను. అయితే ఆ వేగము ఎవరినిబట్టి కొలువవలసినదో ఆ సమీకరణములు చెప్పవు. ఈథరునుబట్టి యని అందఱును సమాధానపడిరి.

ఏటిలో రెండు పడవలు

భూమి సూర్యునిచుట్టు సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున తిరుగుచున్నది. ఈథరు నిజముగా కలదేని, పరుగెత్తు బండిలో కూర్చున్నవానికి ఎదురుగాలి తగులునట్లు భూమికి ఈథరు ప్రవాహము తగులవలెను. దానిని కనిపెట్టు ఉపాయము నీ చిన్న లెక్కవలన గ్రహింపవచ్చును.

ఒక ఏఱు గంటకు 3 కిలోమీటర్ల వేగమున పాఱుచున్నది. నిలుకడ నీటిలో గంటకు 5 కిలోమీటర్లు పోగల పడవలు రెండు కలవు. మొదటిది 4 కిలోమీటర్ల వెడల్పుగల ఆ యేటిని నేరుగా దాటి తిరిగి రావలెను. ప్రవాహము త్రోసివేయకుండ ఏటవాలుగా ఎదురు నడుపవలసియుండుటచే దాని అడ్డువేగము గంటకు 4 కిలోమీటర్లే యగును. ఏలయన 3, 4, 5 అనునవి లంబకోణ త్రిభుజపు భుజములు. కావున పోవుటకొక గంట, వచ్చుటకొక గంట, మొత్తము రెండు గంటలు పట్టును. రెండవ పడవ ప్రవాహమువెంట 4 కిలోమీటర్లు దిగువకు పోయి తిరిగి రావలెను. పోవునపుడు గంటకు 8 కిలోమీటర్ల చొప్పున అరగంటయు, వచ్చునపుడు గంటకు 2 కిలోమీటర్ల చొప్పున రెండు గంటలును, మొత్తము రెండున్నర గంటలు పట్టును. దూరము ఒక్కటే యైనను కాలము వేఱు. ఈ భేదమునుబట్టి ఏటిని చూడకయే దాని ప్రవాహవేగమును చెప్పవచ్చును.

1887వ సంవత్సరమున అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున మైకెల్సన్, మోర్లీ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు వెలుతురును రెండుగా చీల్చి, ఒకదానిని ఒక దిక్కునకును రెండవదానిని దానికి లంబముగాను పంపి, అద్దములచే త్రిప్పి తెచ్చి కలిపిరి. పరికరమంతయు పాదరసముపై తేలుచున్న పెద్ద రాతిపలకమీద అమర్చబడియుండెను. కావున దానిని మెల్లగా అన్ని దిక్కులకును త్రిప్పవచ్చును. ఈథరు ప్రవాహమే యున్నచో కనబడవలసిన భేదమును వారు ముందుగానే గణించియుంచుకొనిరి. అందులో ఇరువదవ వంతైనను కనబడలేదు. పగలు చూచిరి, సాయంకాలము చూచిరి. ఏ దిక్కునకు త్రిప్పినను వెలుతురు ఒక్క వేగముననే పోవుచుండెను.

మైకెల్సన్ ఈథరును కనుగొనవలెనని తలపెట్టినవాడు. తాను కోరినది దొరకలేదని ఆయన ఫలితమును దాచలేదు, దిద్దలేదు. కనబడినది కనబడినట్లుగా లోకమునకు ప్రకటించెను. సూక్ష్మమైన కొలత పరికరములను నిర్మించి వానితో నెఱవేర్చిన పరిశోధనలకై 1907లో ఆయనకు నోబెలు బహుమాన మీయబడినది.

ఐన్‌స్టైను చెప్పిన మాట

వెలుతురు వెంబడి వెలుతురంత వేగముగా పరుగెత్తినచో దాని అలలు కదలక గడ్డకట్టినట్లు కనబడవలెనుగదా, అట్టి నిలిచియున్న వెలుతురును లోకమున నెవ్వరును చూడలేదే, మాక్స్‌వెల్ సమీకరణములును దాని కొప్పుకొనవే యని బాలుడగు ఐన్‌స్టైను కలవరపడెను. 1905వ సంవత్సరమున, బెర్న్ నగరపు పేటెంటు కార్యాలయములో ఉద్యోగిగా నుండిన కాలమున, తన 26వ యేట ఆయన తన సమాధానమును ప్రకటించెను. అందులకు ఆధారములు రెండు. సమవేగమున నేరుగా పోవుచున్న వారందఱికిని ప్రకృతి నియమములు ఒక్కటే యనునది మొదటిది. శూన్యమున వెలుతురు వేగము, దానిని పంపిన దీపము కదలుచున్నను నిలిచియున్నను, కొలుచువారందఱికిని ఒక్కటే యనునది రెండవది.

ఈ రెండింటిని ఒప్పుకొన్నచో మఱియొకదానిని విడువవలసివచ్చును. అందఱి గడియారములును ఒక్క తీరుననే నడచునను నమ్మకమే ఆ విడువవలసినది. ఇది ఎట్లో చూతము.

వెలుతురు గడియారము

నేలను ఒక అద్దము, పైకప్పున ఒక అద్దము గల పెట్టెబండి నూహింపుడు. వెలుతురు మెఱుపొకటి నేలనుండి కప్పునకు పోవును. దానిని ఒక ‘టిక్కు’ అందము. కప్పు ఎత్తు 4 కొలతలనియు, వెలుతురు ఒక గడియకు ఒక కొలత పోవుననియు పెట్టుకొందము. గడియ యనగా ఇచట మనము కల్పించుకొన్న చిన్న కాలభాగము. బండిలో నున్నవానికి ఒక టిక్కు 4 గడియలు.

ఇపుడు బండి కాంతివేగములో అయిదింట మూడువంతుల వేగమున, అనగా సెకనుకు 1 లక్ష 80 వేల కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. బాటప్రక్క నిలిచినవాడు చూచునపుడు మెఱుపు కప్పును చేరులోపల బండి ముందునకు జరుగును. కావున వానికి మెఱుపు ఏటవాలుగా పోయినట్లు కనబడును. బండి 3 కొలతలు జరిగి, కప్పు 4 కొలతల ఎత్తున నున్నచో, ఏటవాలు దారి 5 కొలతలు. వెలుతురు వేగము వానికిని అదియే గనుక 5 గడియలు పట్టవలెను. బండిలో 4 గడియలు, బాటమీద 5 గడియలు! వెలుతురు వేగము అందఱికిని ఒక్కటి యైనందున కాలము ఒక్కటి కాకపోయినది.

కప్పు ఎత్తు మాఱియుండరాదా యని అడుగవచ్చును. కదలు వస్తువు పొట్టిది యగుననుకొందము. అపుడు బాటవాడు బండి పొట్టిదై వంతెనక్రింద దూరిపోవుననును. బండివాడు వంతెనయే కదలివచ్చుచు పొట్టిదై తన కప్పును కొట్టుననును. బండి దూరుట, తగులుట రెండును జరుగనేరవు. కాబట్టి ప్రయాణమున కడ్డుగా నున్న కొలత మాఱదు. ప్రయాణపు దిక్కున నుండు పొడవు మాత్రము బాటవాని కొలతలో తగ్గును; ఈ వేగమున అది అయిదింట నాలుగు వంతులగును.

దీపము వెలిగింతము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. అదే బండివాడు దీపము వెలిగించెను. బాటవాడు చెప్పునదేమనగా: “ఒక సెకనులో వెలుతురు 3 లక్షల కిలోమీటర్లు పోయినది, బండి 1 లక్ష 80 వేలు పోయినది, కావున వెలుతురు బండికన్న 1 లక్ష 20 వేల కిలోమీటర్లే ముందున్నది.” బండివాడు చెప్పునదేమనగా: “వెలుతురు నాకు ముందుగా సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున పోవుచున్నది.” ఇద్దఱును సత్యమే పలుకుచున్నారు. ఈ చిక్కును లెక్కతో విడదీయుదము.

బండివాడు తన ముందు 3 లక్షల కిలోమీటర్ల పొడవుగల కొలకఱ్ఱ నమర్చి, దాని కొననొక గడియారమును, తనయొద్ద నొక గడియారమును ఉంచుకొనెను. బాటవాని దృష్టిలో ఆ కఱ్ఱ పొడవు అయిదింట నాలుగు వంతులు, అనగా 2 లక్షల 40 వేల కిలోమీటర్లు. వెలుతురు బండికన్న సెకనుకు 1 లక్ష 20 వేల కిలోమీటర్ల చొప్పున ముందునకు పోవుచున్నది గనుక కఱ్ఱ కొనను చేరుటకు 2 సెకనులు పట్టును. బండి గడియారములు నెమ్మదిగా నడచునవి గనుక ఆ రెండు సెకనులలో అవి 1.6 సెకనులు మాత్రమే నడచును.

ఇంకొక సంగతియు కలదు. బండివాడు రెండు గడియారములను సరిపెట్టుటకై కఱ్ఱ నడుమనుండి రెండు కొనలకును వెలుతురును పంపి, అది చేరగానే అవి బయలుదేరునట్లు చేసెను. బాటవాడు చూడగా వెనుకటి గడియారము వెలుతురునకు ఎదురువచ్చినది. ముందటిది దానినుండి తొలగిపోయినది. కావున వెనుకటిది ముందుగా బయలుదేరినది, ముందటిది వెనుకబడినది. ఈ వెనుకబాటు లెక్కకు సరిగా 0.6 సెకను వచ్చును. 1.6లో 0.6 తీసివేయగా కఱ్ఱ కొననున్న గడియారము సరిగా 1 సెకను చూపును. బండివాడు 3 లక్షల కిలోమీటర్లకు 1 సెకను పట్టినదని వ్రాసికొనును. చిక్కు విడిపోయినది.

వేగములను కూడు సూత్రమును గూడ ఐన్‌స్టైను దిద్దెను. రెండు వేగములను కాంతివేగములో భాగములుగా వ్రాయుడు. వాని మొత్తమును, ఒకటికి ఆ రెండింటి లబ్ధమును కలుపగా వచ్చిన సంఖ్యచే భాగింపుడు. సగమును సగమును కూడినచో ఒకటి రాదు; ఒకటిని 1.25చే భాగింపగా 0.8 వచ్చును. దీపపు బండికి 0.6, వెలుతురునకు 1. మొత్తము 1.6, భాజకము 1.6, ఫలము 1. బండి వేగ మెంతయైనను ఫలము ఒకటియే. రైలు, బంతి విషయమున పాత సూత్రము చెడిపోయినదా? లేదు. అచట భాజకము ఒకటికన్న కోటికోట్లలో ఒక వంతైనను ఎక్కువ కాదు. అందుచేతనే మనుష్యజాతి ఇంతకాలము ఆ భేదమును ఎఱుగక జీవించెను.

ఇందుకు నిదర్శనములు

ఇది కాగితముమీది లెక్క మాత్రమే యని ఎవ్వరైన నందురేమో. 1964వ సంవత్సరమున జెనీవా సమీపమందలి సెర్న్ పరిశోధనశాలలో, కాంతివేగములో 0.99975 వంతు వేగమున పోవుచున్న పయానులను సూక్ష్మకణములు వెలువరించిన గామా కిరణముల వేగమును కొలిచిరి. గామా కిరణములును వెలుతురు జాతివే. కావున ఆ పరుగెత్తు కణము మన దీపపు బండియే యని చెప్పవచ్చును. బంతి సూత్రము నిజమైనచో ఆ కిరణములు దాదాపు రెట్టింపు వేగమున పోవలసియుండెను. కొలతలో తేలినది కాంతివేగమే, అధికమేమియు లేదు.

కాలము విషయమున మ్యూయానులను కణములు సాక్ష్యమిచ్చుచున్నవి. ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణములు వాయుమండలపు పైభాగమును తాకగా నవి పుట్టును. వాని సగటు ఆయుర్దాయము సెకనులో పదిలక్షల వంతులు 2.2 మాత్రమే. ఆ కాలములో వెలుతురైనను 660 మీటర్లే పోగలదు. అయినను కిలోమీటర్లకొలది పైన పుట్టిన మ్యూయానులు భూమిని చేరుచునే యున్నవి. 1963లో అమెరికాలో ఫ్రిష్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు వాషింగ్టన్ పర్వత శిఖరమున గంటకు సుమారు 560 మ్యూయానులను లెక్కించిరి. శిఖరపు ఎత్తు సుమారు 1,900 మీటర్లు. ఆ దూరము దిగి వచ్చులోపల కాలము మాఱనిచో సుమారు 30 మాత్రమే మిగులవలెను. సముద్రమట్టమునకు సమీపమున వారు లెక్కింపగా గంటకు సుమారు 410 కనబడినవి. మ్యూయానుల గడియారము మన గడియారముకన్న అంత నెమ్మదిగా నడచినదన్న మాట.

తల్లిదండ్రులు చేతనుంచుకొను ఫోనులో దారి చూపు పటముకూడ ఈ సిద్ధాంతమునకు లోబడినదే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహముల గడియారములు, తమ వేగమువలన దినమునకు సెకనులో పదిలక్షల వంతులు 7 వెనుకబడును; అచట భూమి ఆకర్షణ తక్కువగుటచే, ఐన్‌స్టైను 1915లో పూర్తిచేసిన రెండవ సిద్ధాంతము ననుసరించి, 45 ముందునకు పోవును. నికరముగా 38 ముందు. ఇది స్వల్పమే యైనను వెలుతురు ఆ వ్యవధిలో 11 కిలోమీటర్లకు మించి పోవును. దీనిని దిద్దకున్నచో ఒక్క దినములోనే కొలతలో అంత తప్పు చేరును.

వెలుతురులో మాఱునదేమి?

వేగము మాఱకున్నను వెలుతురులో మాఱు విషయములు రెండు కలవు. మొదటిది రంగు. మన బండి సెకనుకు 1 లక్ష 80 వేల కిలోమీటర్ల వేగమున మనవైపునకు వచ్చుచున్నచో దాని దీపపు వెలుతురు అలల పొడవు సగమగును. ఎఱ్ఱని వెలుతురు అల 700 నానోమీటర్లుండును; అది 350 అయి ఊదారంగునకు ఆవలికి పోయి కంటికి కనబడకుండును. అదే బండి మనలను దాటి దూరముగా పోవుచున్నచో అలల పొడవు రెట్టింపగును. 400 నానోమీటర్ల ఊదావెలుతురు 800 అయి ఎఱుపునకు ఈవలికి జాఱి అదృశ్యమగును.

రెండవది దిక్కు. నిలిచియున్న దీపము అన్ని వైపులకును సమముగా వెలుతురు చిమ్మును. అది పరుగెత్తునపుడు ఆ వెలుతురు ముందువైపునకు ముడుచుకొనును. ముందు సగమునకు పోవలసిన వెలుతురు, మన బండి వేగమున, నడిమి గీతకు ఇరుప్రక్కల 53 డిగ్రీల లోపలనే యుండును; కాంతివేగములో 0.99 వంతు వేగమున పోవునపుడు 8 డిగ్రీలకే ముడుచుకొనును. గొడుగు పట్టుకొని పరుగెత్తువానికి నిట్టనిలువుగా పడు వాన ఎదురుజల్లుగా తోచుట మనమెఱుగుదుము. ఇదియు దానికి చుట్టమే.

సరిగా కాంతివేగమున పోయినచో?

ఇంతవఱకు కాంతివేగమునకు సమీపించు బండిని గూర్చి చెప్పితిమి. సరిగా ఆ వేగముననే పోవు బండి మాటయేమి? అట్టి బండి యుండనేరదు. బరువుగల వస్తువు వేగము హెచ్చినకొలది దానిని ఇంకను త్వరపెట్టుటకు కావలసిన శక్తి అంతులేకుండ పెరుగును. సెర్న్ పరిశోధనశాలలో భూమి లోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల సొరంగమున ప్రోటానులను సెకనుకు 11,000 పర్యాయములకు మించి త్రిప్పిరి. అవి కాంతివేగమునకు సెకనుకు సుమారు 3 మీటర్లు మాత్రమే తక్కువగా పరుగెత్తినవి. వాని కొసగిన శక్తి, నిలిచియున్నపుడు వానియందుండు శక్తికి సుమారు 7,000 రెట్లు. అయినను ఆ మిగిలిన 3 మీటర్లను ఏ యంత్రమును పూరింపజాలదు.

కావున “కాంతివేగమున పోవువాని కేమి కనబడును?” అను ప్రశ్నకు సమాధానము లేదు. సమాధానము దాచబడియున్నదని కాదు. అట్టివాడు, వాని గడియారము, వాని కొలకఱ్ఱ ఉండనేరవు. వెలుతురు తాను నిలిచియున్నట్లు తలచు స్థలమొకటి లేదు. ఎవరు కొలిచినను అది పరుగెత్తుచునే యుండును. బాలుడగు ఐన్‌స్టైను ఊహించిన గడ్డకట్టిన వెలుతురు ఈ సృష్టిలో లేదు.

ఒక హెచ్చరిక. ఈ చెప్పినదంతయు శూన్యములోని వేగమును గూర్చినది. నీటిలో వెలుతురు వేగము సెకనుకు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లే. నీటిలో అంతకన్న వేగముగా ఎలక్ట్రానులు పోవచ్చును. పోవునపుడు నీలివెలుగును చిమ్మును. 1934లో చెరెంకోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించి ప్రకటించెను. 1958లో దానిని వివరించిన ఫ్రాంక్, టామ్ అనువారితో గూడ నోబెలు బహుమానమును పొందెను. ధ్వనిని మించిన విమానపు గర్జనమునకు ఇది వెలుతురులోని సాటి. అయినను శూన్యమందలి కాంతివేగమును ఆ ఎలక్ట్రానులును దాటలేదు.

ముగింపు

ఈ పాఠమువలన మనము నేర్వవలసినది ఒక సూత్రము మాత్రమే కాదు. వేగములను కూడుట, కాలము అందఱికిని ఒక్క తీరున నడచుట యను సంగతులు సందేహింపదగనివిగా మన కందఱికిని తోచును. తోచినదే సత్యమని పట్టుపట్టినచో మైకెల్సన్ తన ఫలితమును చించివేసియుండును. ఐన్‌స్టైను తన బాల్యపు ప్రశ్నను మఱచిపోయియుండును. ఇద్దఱును సత్యమునకు తలవంచిరి. కొలతపట్టికలో తమకు నచ్చని యంకెను తుడిచి నచ్చిన యంకెను వ్రాయదలచు విద్యార్థులు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొందురుగాక. పాఠశాల ప్రయోగశాలలో మీరు చేయు లోలకపు పరీక్షకును, క్లీవ్‌లండు రాతిపలకకును ధర్మమొక్కటే.

మన దేశమున మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ బోసు అను నిద్దఱు యువకులు, కలకత్తా విశ్వవిద్యాలయమున బోధకులుగా నుండి, జర్మను భాషలోని ఐన్‌స్టైను వ్యాసములను ఆంగ్లమునకు తెచ్చి 1920లో గ్రంథముగా ప్రకటించిరి. క్రొత్త విషయము దూరదేశమున పుట్టినదని గాని, కష్టమైనదని గాని వారు వెనుదీయలేదు. మన బాలబాలికలును అట్లే వెనుదీయకుండవలెనని మా కోరిక.

సృష్టి మొదటి దినముననే వెలుగు కలిగెనని మనము వేదగ్రంథమున చదువుచున్నాము. ఆ వెలుగు రాజునకును పేదకును, పరుగెత్తువానికిని నిలిచినవానికిని ఒక్క వేగముననే నడచునని కొలతలు చెప్పుచున్నవి. ఎవరి గడియారమును ఇతరుల గడియారముకన్న గొప్పది కాదు. వెలుతురు ముందు అందఱును సమానులే. చదువరులు పై లెక్కలను చూచి నమ్ముటతో తృప్తిపడక, కాగితమును పెన్సిలును తీసికొని, 3, 4, 5 భుజములుగల త్రిభుజమును గీచి, స్వయముగా చేసి చూతురుగాక.